సాంగమ్మ మగ్గం, మేకు కొట్టని గోడ

ఖరగ్‌పూర్‌లో ఏం చూశావని అడిగినవాళ్లకి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మాట్లాడటం నాకు ముందునుంచీ కష్టం. రాయడం కొంత నయం. ఆ ఊళ్లో నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది ఒక మనిషి ముఖాన్ని. ఆమెకీ నాకూ మధ్య బెత్తెడు వెడల్పు దారాలు తప్ప మరేమీ లేవు. అలా ఎందుకు కూర్చోవలసి వచ్చిందో చెప్పాలంటే రైలెక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పలాస దాటాక

రెండో వేవ్ తగ్గుముఖం పట్టిన రోజులు. నేను పనిచేసే బడి లైబ్రరీకి తాళం పడి అప్పటికి ఏడాది దాటింది. చదివిన పుస్తకాలే మళ్లీ చదువుతూ ఇంట్లో ఉంటే ఖరగ్‌పూర్ నుంచి అత్త ఫోన్ చేసింది. అత్త అంటే మా నాన్న చెల్లెలు. మావయ్య రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆయన పోయాక కూడా ఆమె ఆ ఊరు వదల్లేదు. ఆ వేసవిలో కరోనా వచ్చి బతికి బయటపడింది గానీ వేళ్లలో పట్టు పోయింది.

"కత్తెర నొక్కలేకపోతన్నానే. గుడ్డ మీద గీతలు గీసుకుని కూకుంటన్నాను. నువ్వొచ్చి కొన్నాళ్లు కత్తిరించి పెట్టు," అంది.

ఎవరి కోసం, దేనికి అని నేను అడగలేదు. అత్త సాయం అడగడం అదే మొదటిసారి. శ్రీకాకుళం దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లని నేను రెండు మాస్కులు పెట్టుకుని, ఒక సంచిలో జీడిపప్పు, ఇంకో సంచిలో పుస్తకాలు పెట్టుకుని పలాసలో రైలెక్కాను.

ఎదుటి సీట్లో వేలూరులో వైద్యం చేయించుకుని తిరిగి వెళ్తున్న బెంగాలీ దంపతులున్నారు. ఆయన కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆవిడ మాత్రం బరంపురం వచ్చేలోపే నా చదువు, ఉద్యోగం, పెళ్లి గురించి హిందీలో అడిగేసింది. నేను తలూపడమే తప్ప మాట్లాడకపోవడం చూసి ఆవిడకి దిగులు పట్టుకుంది. చివరికి చేపలు తింటావా అని అడిగింది. తింటానన్నాను. అంతటితో ఆవిడ దిగులు తీరిపోయింది.

డబ్బా తీసి ముఢీ కలిపి పెట్టింది. ముఢీ అంటే మన మరమరాలే. మా వైపు బెల్లంతో ఉండలు కడతాం. వాళ్లు పచ్చి ఆవనూనె వేసి, పచ్చిమిర్చి తరిగి కలుపుతారు. ఆ నూనె ఘాటు నేరుగా ముక్కులోకి ఎక్కి నాకు దగ్గు వచ్చింది. ఆ రోజుల్లో రైల్లో దగ్గడం అంటే ఏమిటో అందరికీ గుర్తుండే ఉంటుంది. పెట్టె మొత్తం నా వైపు తిరిగింది. పై బెర్తు మీదాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆవిడ లేచి నిలబడి డబ్బా పైకెత్తి చూపించి, ఇది ఆవనూనె, కరోనా కాదు అని అందరికీ ప్రకటించింది. నేను కిటికీలోంచి దూకేద్దామనుకున్నాను. ఆమె మాత్రం కూర్చుని ఇంకో గుప్పెడు పెట్టింది.

స్టేషను బయట

వానలో దిగాను. ప్లాట్‌ఫారం ఎంత నడిచినా తరగలేదు. బయట నీళ్లగుంటలో చెప్పు తెగింది. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పెట్టుకుని, ఫోన్లో అత్తతో నా కష్టం చెప్పుకుంటుంటే ఆటో అబ్బాయి వెనకనుంచి తెలుగులో అడిగాడు.

"ఏటమ్మా, పూరీ గేటేనా? ఎక్కండి. చెప్పుకి వేరే ఛార్జీ లేదు."

పూరీ గేట్ అంటే అత్త ఉండే పేట. ఆటో అబ్బాయి వాళ్ల తాత బొబ్బిలి నుంచి వచ్చాడట. ఇతను బొబ్బిలి చూడలేదు. అక్కడ కోట ఉంటుందటగా అని నన్నే అడిగాడు. లోకల్ రైళ్లు ఆగిపోయి బేరాలు లేవని చెబుతూ మధ్యలో ఎవరితోనో బెంగాలీలో, గేటు దగ్గర పోలీసుతో హిందీలో, మళ్లీ నాతో మా ఊరి తెలుగులో మాట్లాడాడు. ఒక మలుపులో ఇడ్లీ బండి కనిపించింది. బండి వెనక ముసలాయన ప్లాస్టిక్ ముఖకవచం పెట్టుకుని పచ్చడి వడ్డిస్తున్నాడు. ఆ పచ్చడి మరునాడు తిన్నాను. కొంచెం తియ్యగా ఉంది. అన్నేళ్లు బెంగాల్లో ఉంటే పచ్చడి కూడా బెంగాలీ నేర్చుకుంటుంది కాబోలు.

పూరీ గేట్

అత్త చిక్కిపోయింది. నన్ను చూసి ముందు చెప్పు సంగతి అడిగింది, తర్వాత మా నాన్న బీపీ సంగతి. అన్నం తిన్నాక హాలుకి తీసుకెళ్లింది.

అది ఆ పేటలో తెలుగువాళ్లు చాలా ఏళ్ల కిందట కట్టుకున్న హాలు. పెళ్లిళ్లూ బారసాలలూ అక్కడే చేసుకుంటారు. కరోనాలో అవేవీ లేక ఖాళీగా ఉంది. ఇప్పుడు అందులో అయిదారు కుట్టు మిషన్లు ఉన్నాయి. వాటిని నడిపిస్తున్నది చర్చికి వెళ్లే తెలుగు ఆడవాళ్ల చిన్న సేవాసంఘం. దానికి పెద్ద గ్రేస్ దీదీ, రిటైరైన నర్సు. తెలుగావిడే అయినా అక్కడ అందరూ దీదీ అనే పిలుస్తారు.

మిషన్ల ముందు కూర్చున్నవాళ్లలో ముగ్గురు ఆ పేటవాళ్లు కారు. బర్మాలో సైన్యం అధికారం లాక్కున్నాక చిన్ కొండల నుంచి సరిహద్దు దాటి మిజోరం వచ్చినవాళ్లు. అక్కడి నుంచి చెన్నైలో ఇళ్లలో పని దొరుకుతుందని ఎవరో చెబితే రైలెక్కారు. దారిలో ఒకామెకి జ్వరం ఎక్కువై ఖరగ్‌పూర్‌లో దిగిపోవాల్సి వచ్చింది. మిగతా ఇద్దరూ ఆమెని వదిలి వెళ్లలేదు. అంతలో అన్నీ మూతబడ్డాయి. గ్రేస్ దీదీ వాళ్లకి చర్చి వెనక గది చూపించి, ఈ హాల్లో కుట్టుపని నేర్పించింది. మొదట మాస్కులు. మాస్కుల గిరాకీ తగ్గిపోయింది. ఇప్పుడు ఒక ఆసుపత్రి ఉతికి మళ్లీ వాడుకునే గుడ్డ గౌన్లు కావాలంటోంది.

జ్వరం వచ్చినామే ముగ్గురిలో పెద్దది. ఆమెను 'సాంగీ ను' అంటారు. 'ను' అంటే అమ్మ. వాళ్లలో పెద్ద బిడ్డ పుట్టాక తల్లిని ఆ బిడ్డ పేరుతోనే పిలుస్తారట. పేట ఆడవాళ్లకి అది నోరు తిరగలేదో, మరీ బాగా తిరిగిందో, సాంగమ్మ అని పిలుస్తున్నారు. వింటే బొబ్బిలి పక్కన ఏదో ఊరి మనిషి అనుకుంటాం.

సాంగీకి ఎనిమిదేళ్లు. మిజోరంలో పెద్దమ్మ దగ్గర ఉంది. చెన్నైలో పని ఇస్తామన్న ఇంటివాళ్లు పిల్లని తేవద్దన్నారు. ఖరగ్‌పూర్‌లో ఉంటే పిల్లని తెచ్చుకోవచ్చు. కానీ ఖరగ్‌పూర్‌లో ఉండాలంటే పని ఉండాలి. గౌన్ల ఆర్డరు వస్తే ఉండటం, రాకపోతే చెన్నై రైలు. ఇదంతా అత్త నన్ను పక్కకి తీసుకెళ్లి చెబుతుంటే సాంగమ్మ మిషన్ ఆపి మా వైపే చూస్తోంది. తన గురించేనని తెలిసినట్టుంది. నవ్వి, "కూకో," అని నాకు పీట జరిపింది.

ఆమెకి వచ్చిన తెలుగంతా ఆ హాల్లో నేర్చుకున్నదే.

నైటీలు

ఆసుపత్రివాళ్లకి పంపిన మొదటి నమూనాలు అప్పటికే తిరిగొచ్చేశాయి. ఎందుకో చెప్పడానికి అత్తకి సిగ్గు. పక్క మిషనావిడ చెప్పింది.

ఆ పేట ఆడవాళ్లు గోల్‌బజార్ కొట్లకి నైటీలు కుట్టి ఇచ్చేవాళ్లు. వాళ్ల చేతులకి వచ్చిన కొలత అదొక్కటే. ఆసుపత్రి గౌను అనగానే అత్త తన నైటీ కొలత తీసుకుని, కొంచెం పొడుగు పెంచి, ఆకుపచ్చ గుడ్డలో కత్తిరించింది. ఛాతీ దగ్గర కుచ్చులు, మెడకి పైపింగు, ముందు బొత్తాలు, పక్కన జేబు. ఆసుపత్రి హెడ్ సిస్టర్ దాన్ని విప్పి పట్టుకుని, "దీదీ, వీటిని మేం డాక్టర్ బాబులకి వేయాలి," అందట. ఒక లావుపాటి డాక్టరు వేసుకుని కూడా చూశాడట. జేబు మాత్రం బాగుందన్నాడట.

రెండోసారి వెనక తెరుచుకునేలా, చేతులకి బిగుతు పట్టీలు పెట్టి సరిగ్గానే కుట్టారు. ఈసారి నాడాలు పోయాయి. గౌను వెనక ముడి వేయడానికి మెడ దగ్గరా నడుము దగ్గరా నాడాలు ఉండాలి. బజార్లో మంచి నూలు నాడా దొరకడం లేదు, ఉన్నది వేణ్నీళ్లకి పనికిరాదు. గుడ్డనే సన్నగా కత్తిరించి, మడిచి, కుట్టి పెట్టారు. మరిగే నీళ్లలో నాలుగు ఉతుకులకి అంచులు పోగులు పోగులుగా ఊడిపోయాయి. సిస్టర్ ఇంకొక్కసారి చూస్తానంది. అదే ఆఖరని గ్రేస్ దీదీ మొహమాటం లేకుండా చెప్పేసింది.

నేను కత్తెర పట్టుకున్నది ఆ మూడోసారికి. గుడ్డ కత్తిరిస్తుంటే సాంగమ్మ నేలరాలిన నాడా ముక్క ఒకటి తీసి అంచు చూసింది. తన సంచిలోంచి నల్లగా నునుపు తేలిన ఒక చెక్క తెచ్చింది. నేసేటప్పుడు పోగుని కొట్టి బిగించేది, చిన్న కత్తి ఆకారంలో ఉంది. ఇల్లు వదిలేటప్పుడు బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నది అదొక్కటే. నాడా ముక్క చూపించి, చెక్క చూపించి, హిందీలో కొంతా తెలుగులో కొంతా చెప్పింది. కత్తిరిస్తే అంచు పోతుంది. నేస్తే పోదు. నాడా నేనే నేస్తాను.

గోల్‌బజార్

దారం కొనడానికి సాంగమ్మా నేనూ వెళ్లాం. కొట్లు రోజుకి కొన్ని గంటలే తీస్తున్నారు కాబట్టి ఊరు మొత్తం ఆ గంటల్లోనే బజారుకి వచ్చినట్టుంది. మాస్కులు గడ్డాల కింద వేలాడుతున్నాయి. చేపలమ్మే ఒక దాదా, అంటే అన్న, పెద్ద కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని నన్ను పిలిచి, రుయ్ చేప తీసుకో, సొంత చెల్లెలికి ఇచ్చే ధరకి ఇస్తానన్నాడు. పక్కనున్న ఇంకో చేపలతను, ఇతనికి చెల్లెళ్లు లేరు నమ్మకు అన్నాడు. మా ఊళ్లో చేపలమ్ములతో నేను నోరు విప్పి బేరమాడిన గుర్తు లేదు. ఇక్కడా ఆడలేదు, కానీ నవ్వాను. నవ్వింది మాస్కులోంచి కూడా తెలిసిందనుకుంటాను, "చెల్లి నవ్వింది, ఇక కొనదు," అన్నాడు.

దారాల కొట్లో సాంగమ్మ గంటసేపు నిలబడింది. పోగు లాగి, నాలిక మీద తడిపి, రెండు వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టి తెంపి చూసింది. కొట్టాయన మొదట విసుక్కుని, తర్వాత స్టూలు వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. ఒక అరుగు మీద నిలబడి పది రూపాయల ఝాల్‌ముఢీ పొట్లం ఇద్దరం పంచుకున్నాం. ఈసారి దగ్గు రాలేదు. సాంగమ్మ ఫోన్లో కూతురి ఫోటో చూపించింది. బుగ్గల మీద చందనంలాంటి పూత, ముందుపళ్లు లేని నవ్వు. వాళ్ల ఊళ్లో ఆడపిల్లలకి ఆ వయసులోనే మగ్గం పెడతారట. తల్లి మగ్గం కట్టిన గుంజకే పక్కన, కొంచెం కిందగా, పిల్ల మగ్గం కడతారట. తల్లి చేతులు చూసి పిల్ల నేర్చుకుంటుంది. వేరే చెప్పేదేమీ ఉండదు.

"సాంగీ మొదలెట్టినాదా?" అని అడిగాను. నాకే తెలియకుండా ఆ యాస నా నోట్లోకి వచ్చేసింది.

"కట్టినాను. మరునాడు ఎలిపోయినాం," అంది.

గుంజ

ఆమె మగ్గం మన మగ్గంలా ఉండదు. కాళ్లు పెట్టే గుంట లేదు, చట్రం లేదు. నాలుగైదు వెదురు పుల్లలు, ఆ చెక్క కత్తి, అంతే. నిలువు దారాలకి ఒక చివర ఉన్న పుల్లని నడుం వెనకనుంచి వేసుకున్న పట్టీకి తగిలించుకుంటారు. అత్త ఆ పట్టీని గోనెసంచి మడతపెట్టి కుట్టి ఇచ్చింది. రెండో చివర దేనికైనా కదలనిదానికి కట్టాలి. నేతగత్తె నేల మీద కూర్చుని వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకి వంగితే వదులవుతాయి. ఆమె ఒళ్లే సగం మగ్గం.

ఆ కదలనిదే మాకు దొరకలేదు. హాల్లో స్తంభాలు లేవు. కిటికీలు ఎత్తులో ఉన్నాయి. బల్లకి కడితే బల్ల తలకిందులై దాని మీదున్న టీ గ్లాసులన్నీ పోయాయి. కుట్టు మిషన్‌కి కడితే మిషన్ కిర్రుమంటూ సాంగమ్మ దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. గోడకి దిగువగా ఒక కొక్కెం కొడితే చాలు. కానీ ఆ హాలు గోడకి మేకు కొట్టకూడదు.

హాలు బాధ్యత అప్పారావు మావయ్యది. చుట్టం కాదు, పెద్దాయన గనక నేను అలా పిలిచేదాన్ని. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పుట్టిందీ, పెళ్లాడిందీ, పిల్లల్ని పెంచిందీ రైల్వే క్వార్టర్లలోనే. క్వార్టరు మనది కాదు, ఏనాటికైనా ఖాళీ చేసి ఇవ్వాల్సిందే, గోడకి దెబ్బ తగలకూడదని వాళ్ల నాన్న అనేవాడట. వాళ్లింట్లో దేవుడి పటాలు కూడా బల్ల మీదే నిలబెట్టేవాళ్లు. అక్కడి పాతవాళ్లలో చాలామందికి ఈ అలవాటు ఉందని అత్త చెప్పింది. సొంత హాలు కట్టుకున్నా ఆ భయం పోలేదు. పెళ్లికి వచ్చేవాళ్లు తోరణాలు కూడా కిటికీలకే కట్టుకోవాలి.

అత్త అడిగి చూసింది.

"అన్నయ్యా, ఒక్క మేకు."

"సున్నమేసి ఏడాది కాలేదు."

"నేను మళ్లీ పూస్తాను."

"అది కాదు చెల్లీ. మేకు కొట్టినామంటే మనిసి ఉండిపోతాదని కదా. ఉంటాదో ఎలిపోతాదో తేలనీ. తేలకుండా మేకెందుకు?"

ఆయన సాంగమ్మ వైపు చూడకుండా అన్నాడు. ఆమె తల వంచుకుని దారాలు సర్దుతోంది. అర్థమైందో లేదో తెలియదు. ఆయన వెళ్లిపోయాడు. నాకు ఏం తోచిందో గానీ వెళ్లి ఆమె ఎదురుగా కూర్చుని, మగ్గం రెండో చివరనున్న తాడు తీసుకుని నా నడుముకి కట్టుకున్నాను. నోరు విప్పనక్కర్లేని సాయం అదొక్కటే కనిపించింది.

జారకుండా కాళ్లు తన్నిపెట్టడానికి మా ఇద్దరి మధ్య ఒక దుంగ పెట్టుకున్నాం. అటువైపు ఆమె పాదాలు, ఇటువైపు నావి. ఆమె వెనక్కి వాలితే నేనూ వాలాలి. ఆమె ముందుకి వస్తే నేను కదలకూడదు. మొదట్లో నేను ఆమెతోపాటు ముందుకి ఒరిగిపోయేదాన్ని. దారాలు వదులై పేక వంకరపోయేది. ఆమె విప్పి మళ్లీ వేసేది. ఎవరి ముఖంలోకీ సూటిగా చూడలేని నాకు చూడటానికి వేరే చోటు లేదు. దారాలకేసి చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. కాసేపయ్యాక ఆమె ముఖాన్నే చూశాను. ఎడమ కనుబొమ మీద మచ్చ. పోగులు విడదీసేటప్పుడు పెదవి బిగిస్తుంది. చెక్కతో దెబ్బ వేసేటప్పుడు వదిలేస్తుంది. అది చూస్తే చాలు, ఎప్పుడు వాలాలో తెలిసిపోతుంది.

అవతల అత్త ఎవరితోనో నా గురించి, "మా మేనకోడలు బాగా చదువుకున్నాది, మగ్గానికి గుంజగా పనికొచ్చినాది," అని చెప్పడం వినబడి నాకు నవ్వొచ్చింది. దారాలన్నీ వణికాయి.

సాంగమ్మ చెక్క ఆపింది. "నువ్వు గోడ," అంది. "గోడ నవ్వదు."

దాంతో ఆమే నవ్వేసింది. ఆ పూటకి మళ్లీ విప్పాల్సి వచ్చింది.

ఆయన నడుముకి

రెండో రోజు మధ్యాహ్నం అప్పారావు మావయ్య తాళాల గుత్తితో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ముందురోజు అత్తతో మాట్లాడి వెళ్లిపోయాడు గనక నేను కట్టుకోవడం చూడలేదు.

"ఈ గుంటని, ఆడపిల్లని, ఇలాగ కట్టీసినారేటి?"

"మీరు మేకు వద్దన్నారు," అంది అత్త, కుడుతున్న గౌను మీంచి తలెత్తకుండా. "గోడకి దెబ్బ తగలకూడదని మా అన్నయ్య కూతుర్ని తెచ్చుకున్నాను."

"ఊరినించొచ్చిన పిల్లని..." అని ఆయన కాసేపు గొణుక్కున్నాడు. మేకు కొడతాడేమోనని అందరం చూశాం. కొట్టలేదు. తాళాల గుత్తి కిటికీలో పెట్టాడు, చొక్కా పైకి మడిచాడు, వచ్చి నా పక్కన చతికిలపడ్డాడు.

"లే గుంటా. తాడిటియ్యి."

నా నడుం అప్పటికి పట్టేసి ఉంది. తాడు ఆయనకి ఇచ్చాను. ఆయన దాన్ని ముడి వేసుకున్న తీరు చూస్తే జీవితమంతా ఇనుముతో పనిచేసిన మనిషని తెలిసిపోయింది. సాంగమ్మ ఒకసారి వెనక్కి వాలి చూసింది. దారాలు తీగల్లా బిగిశాయి. "మంచి గోడ," అంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన నాలా ముఖం చూడలేదు. చేతులు చూశాడు. చాలాసేపు చూశాక పుల్లల పని అడిగాడు. ఏ పుల్ల ఏ పోగుల్ని లేపుతుంది, రెండోది ఎందుకు. సాంగమ్మ హిందీలో చెప్పింది. పిల్లకి ఎప్పుడు నేర్పుతారని కూడా అడిగాడు. నాకు గోల్‌బజార్‌లో చెప్పిందే ఆయనకీ చెప్పింది, అదే గుంజకి పక్కన, కొంచెం కిందగా అని చేత్తో చూపిస్తూ. చూపించడానికి చెయ్యి ఎత్తినప్పుడు ఆయన నేర్పుగా ఇంకాస్త వాలి దారం వదులు కాకుండా చూసుకున్నాడు.

సాయంత్రం తాడు విప్పుకుంటూ అత్తతో ఒక మాట అన్నాడు. "మా అమ్మ రంగం నించి నడిచొచ్చినాది. నాను పుట్టకముందు. దారిలో కొండలోళ్లెవుళో జొన్నపొత్తులు కాల్చి పెట్టినారని సెప్పీది." మా వైపు పాతవాళ్లు రంగూన్‌ని రంగం అంటారు. మొక్కజొన్నని జొన్న అంటారు. ఆ కొండలు సాంగమ్మ వాళ్ల కొండలేనా అని ఎవరం అడగలేదు. ఆయన తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

మరునాడు కూడా వచ్చి కూర్చున్నాడు. ఈసారి పేపరు తెచ్చుకున్నాడు. పేజీ తిప్పినప్పుడల్లా సాంగమ్మ కేకలేసింది.

ఇందా

నాడాలు కుట్టిన గౌన్లు తీసుకుని గ్రేస్ దీదీ ఆసుపత్రికి వెళ్లింది. వాళ్లు ఉతికి, ఆరబెట్టి, మళ్లీ ఉతికి చూడాలి. ఎదురుచూడటం తప్ప పని లేదు. అప్పటికి చెన్నై వెళ్లే రైళ్లలో సీట్లు దొరుకుతున్నాయి. దొరుకుతున్నాయని అందరికీ తెలుసు.

సాంగమ్మ, ఊళ్లోనే అవతలి వైపున్న ఇందా అనే పేటకి వెళ్దామంది. ఆటోలో రైల్వే స్థలం దాటి అక్కడికి చేరేసరికి వేరే ఊరికి వచ్చినట్టుంది. తెలుగు మాట వినబడదు. శంఖాలు, కుంకుమలు అమ్మే కొట్లు, మిఠాయి కొట్ల అద్దాల వెనక తేనెటీగలు. అక్కడ ఎండు మొక్కజొన్న గింజలు దొరికాయి. ఒక మిఠాయి కొట్లో మట్టి ముంతలో తియ్య పెరుగు తిన్నాం. ముంత పారేయమన్నారు. నాకు మనసొప్పలేదు. సంచిలో పెట్టుకున్నాను, ఇప్పుడు దాంట్లో పెన్నులున్నాయి.

చర్చి వెనక గదిలో సాంగమ్మ ఆ గింజలు దంచి, మాంసపు ఎముకలతో కలిపి కుండలో చాలాసేపు ఉడికించింది. దాన్ని సబుతి అంటారట. పెద్దగా కారం లేదు, ఉప్పు మనమే చూసుకుని వేసుకోవాలి. చప్పగా ఉందనుకుంటూనే గిన్నె ఖాళీ చేశాను. మా నాయనమ్మ రాగిపిండితో కాచే చోడి అంబలిలాగే, నోటికంటే ముందు కడుపుకి నచ్చే తిండి. అత్త తన గిన్నెలో ఆవకాయ కలుపుకుంది. సాంగమ్మతో వచ్చిన ఇద్దరూ అది చూసి తమ గిన్నెలు కూడా జరిపారు.

సాంగమ్మ మాత్రం తినలేదు. వడ్డిస్తూనే ఉంది. ఫోన్ మోగితే అందరం ఉలిక్కిపడ్డాం. సాంగీ. కొండల్లో సిగ్నలు సరిగ్గా లేక ఆ పిల్ల ముఖం చదరాలు చదరాలుగా కనిపిస్తోంది. తల్లి ఒకటే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది. ఏమంటోందని పక్కామెని అడిగాను. "ఇంకా తెలీదు అంటున్నాది," అంది.

కొక్కెం

గ్రేస్ దీదీ రిక్షా దిగడం మేం హాలు గుమ్మంలోంచి చూశాం. ఆమె ముఖంలో సగం మాస్కు, మిగతా సగంలో ఏమీ కనిపించదు. నర్సుగా అన్నేళ్లు పనిచేసిన ముఖం. లోపలికి వచ్చి ముందు చేతులు కడుక్కుంది. తర్వాత సంచిలోంచి ఒక గౌను తీసి బల్ల మీద పరిచింది. ఆకుపచ్చ రంగు వెలిసి బూడిద రంగుకి వచ్చింది. నాడాలు మాత్రం అలాగే ఉన్నాయి, ఇంకా బిగుసుకుని. సాంగమ్మ ఒకదాన్ని వేలికి చుట్టి లాగింది. రాలేదు.

"ఇదిగో, ఇక్కడ ఊడింది," అంటూ దీదీ గౌను చంక దగ్గర కుట్టు చూపించింది. "ఇది ఎవరు కుట్టారు?"

అది నేను కుట్టింది. కత్తిరించడం అయిపోయాక తీరిక చిక్కి నేనూ ఒక గౌను కుట్టాను.

"కుట్టు రెండుసార్లు వేయమన్నారు. అంతే. మొదట ఒక వార్డుకి సరిపడా కావాలట. బాగుంటే మిగతా వార్డులకి. ఉతుకులకి ఎలాగూ చిరుగుతాయి కాబట్టి ఏడాదంతా పని ఉంటుందంది సిస్టర్."

సాంగమ్మకి ఇదంతా హిందీలో చెప్పడానికి దీదీ నోరు తెరిచేలోపే అత్త ఆమె భుజం పట్టుకుని ఊపేసింది. "సాంగీని రమ్మను. సాంగీని రమ్మను." సాంగమ్మ నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత చేయాల్సిన పని ఏదో గుర్తొచ్చినట్టు పుల్లలు ఏరడం మొదలుపెట్టింది.

అప్పారావు మావయ్య అప్పటిదాకా కిటికీ దగ్గర ఉన్నాడు. ఎప్పుడు వెళ్లిపోయాడో చూడలేదు. కొట్లు మూసే వేళకి వానలో తడిసి గోల్‌బజార్ నుంచి తిరిగొచ్చాడు. చేతిలో కాగితం పొట్లం, కాస్త సిమెంటు, సుత్తి, గోడ తొలిచే ఉలి. సాంగమ్మని కూర్చోమన్నాడు. ఆమె నడుం ఎత్తు చూసి గోడ మీద బొగ్గుతో గీత పెట్టాడు. ఎక్కువ ఎత్తని ఆమె తల ఊపింది. దించాడు. ఇంకాస్త. దించాడు.

మొదటి దెబ్బకి సున్నం పెచ్చు రాలింది. ఆయన ఆగి దానికేసి చూశాడు. పెచ్చు ఏరి కిటికీలో పెట్టాడు. తర్వాత ఆగలేదు. బొటనవేలంత లావు కొక్కెం గోడలోకి గట్టిగా దిగింది. చుట్టూ సిమెంటు పూశాడు. రేపటిదాకా ముట్టుకోవద్దన్నాడు.

అయిపోయిందనుకుని అందరం చీపుర్లు అందుకున్నాం. ఆయన పొట్లంలోంచి ఇంకోటి తీశాడు. చిన్నది. మొదటిదాని పక్కన, జానెడు కిందగా గీత పెట్టి, సాంగమ్మ వైపు తిరిగాడు.

"ఇంత దిగువయితే సరిపోతాదేటి పిల్లకి?"

సాంగమ్మ తల ఊపలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన దాన్నే అవుననుకుని కొట్టాడు.

తిరుగు రైలు

నేను బయల్దేరే ఉదయం సాంగమ్మ కొక్కేనికి మగ్గం కట్టి నేస్తోంది. నన్ను చూసి లేవబోయింది. పట్టీ తగిలించుకుని ఉంటే లేవడం పెద్ద పని. వద్దన్నాను. కాసేపు ఎదురుగా, గోడకి పక్కగా కూర్చున్నాను. నా అవసరం లేకుండా నేత సాగుతుంటే కొంచెం వెలితిగానే అనిపించింది, అబద్ధమెందుకు. వెళ్లేటప్పుడు ఒక నాడా ముక్క ఇచ్చింది. పుస్తకంలో పేజీ గుర్తుకి వాడుకుంటున్నాను.

రైల్లో ఎదుటి సీట్లో కటక్ దాకా ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. ముఖం చూసి నేనే ముందు పలకరించాను. రైలు బ్రేకు వేసినప్పుడల్లా అందరూ ముందుకి తూలుతుంటే నేను మాత్రం అలవాటుగా వెనక్కి వాలాను.

సాంగీ వచ్చిందని ఆమధ్య అత్త ఫోన్ చేసింది. గౌహతి నుంచి వచ్చే రైల్లో వాళ్ల పెద్దమ్మ తీసుకొచ్చిందట. స్టేషన్ నుంచి నేరుగా హాలుకే తీసుకెళ్లారు. పిల్ల లోపలికి వచ్చి చుట్టూ చూసి, భుజం మీది సంచి తీసి, తనకి అందే ఎత్తులో ఉన్న చిన్న కొక్కేనికి తగిలించిందట. ఇంటికి వచ్చినవాళ్లు తగిలిస్తారే, అలాగ.

"దాన్ని చూసి మీ అప్పారావు మావయ్య ఏటన్నాడో తెలుసా?" అంది అత్త. "అది మగ్గానికి గుంటా, సంచికి వేరేది కొడతానన్నాడు. మళ్లీ సుత్తి కోసం ఇంటికెళ్లినాడు."